లేని గడి

ముందు కౌంటీ ఆఫీసు.
పచ్చ కాగితం ఒకటి నా వైపు తోసి
మీవాడి వైకల్యం ఎంత శాతం అన్నాడు.
నాకు చేపల తూకమే తెలుసు.
ఎనిమిదేళ్లవాడు, పేరు ఒకెయో,
కలుపు తీసే రోజుల్లో పుట్టాడు,
మెడ నిలవదు, మాట రాదు,
నవ్వితే మాత్రం ఒళ్లంతా నవ్వుతాడు అని చెప్పాను.
ఆ కాగితంలో దానికి చోటు లేదు.

అక్కణ్ణించి ఆసుపత్రి వెనక గోదాము.
సముద్రాలు దాటొచ్చిన చక్రాల కుర్చీలు,
ఒక్కోదాంట్లో మావాడిలాంటివాళ్లు ముగ్గురు పడతారు.
పిల్లల సైజు లేదమ్మా, మార్చిలో రా.
మార్చిలో వెళ్లాను.
గోదాముకి కొత్త తాళం వచ్చింది.

కొండెలే నుంచి రేవుకి, రేవు నుంచి కొండెలేకి,
వాణ్ణి చంకనేసుకుని మటాటూ మెట్లెక్కీ దిగీ
నడవనివాడి కోసం
నా కాళ్లరిగిపోయాయి.

చర్చిలో ఎవరో ఒక టాబ్లెట్ ఇచ్చారు.
తాకితే వాడి బదులు మాట్లాడుతుందట.
తాకాం.
ఎవరో దొరసాని గొంతు
నాకు మంచులో ఆడుకోవాలనుంది, అంది.
మా రేవులో మంచంటే
చేపల మీద చల్లే ఐసు ముక్కలే.
అపోండి పడీపడీ నవ్వింది, తమ్ముడూ నవ్వాడు.
మూడోరోజు దాని చార్జింగ్ అయిపోయింది.
ఆ మూతికి సరిపోయే వైరు
కిసుము అంతా వెతికినా లేదు.

ఇంక చాల్లే అనుకున్నాక,
సైకిళ్లు బాగుచేసే ఒచొలా,
పదేళ్లుగా నా చేపల బల్లకి ఎదురుగానే ఉన్నవాడు,
గురువారం గురువారం నా కొట్టుకి ముతోని మేడమ్ వస్తుందిగా,
నీకు తెలీదా? అన్నాడు.
తెలీదు.
ఒమెనా ఎండబెట్టే వలలకి అవతల, ఇరవై అడుగుల్లో.

ముతోని టేపు తీసి
నడుమూ మోకాలూ మెడా కొలిచింది,
పెళ్లిబట్టలు కుట్టబోతున్నట్టు.
ఒచొలా రెండు సైకిళ్లు కోసి ఒక కుర్చీ చేశాడు.
కుర్చీ ముందు ప్లైవుడ్ పలక,
పలక మీద బొమ్మల గళ్లు.
నీళ్లు, ఉగాలి, అమ్మ, అక్క, సరస్సు,
నొప్పి, పాట, దయచేసి, థాంక్యూ.
మంచి పిల్లాడి మాటలన్నీ ఉన్నాయి.

వారం గడిచింది. ఏ బొమ్మనీ ముట్టలేదు.
గళ్ల బయట, ఉత్త చెక్క మీద
చేతిని పెట్టి రుద్దుతాడు, అదే చోట.
ఇంకా అర్థం కాలేదేమోనంది ముతోని.
పదకొండేళ్ల అపోండి
ఏమీ అనకుండా పొయ్యిలోంచి బొగ్గు తెచ్చి
వాడు రుద్దే చోటే ఒక గడి గీసింది.
గడిలో మూల నుంచి మూలకి ఒక గీత.
వద్దు.

జావ చెంచా నా చేతిలోనే ఉంది.
వాడి చెయ్యి ఊగింది, తప్పింది,
మళ్లీ ఊగి
బొగ్గు మీద పడింది.

అడగందే అమ్మైనా పెట్టదంటారు.
నేను ఎనిమిదేళ్లు అడక్కుండానే పెట్టాను,
అదే గొప్పనుకున్నాను.
మొహం తిప్పుకుంటే, మెడ నిలవక అనుకుని
గడ్డం పట్టి తిప్పి మరీ తాగించాను.

ఆ ఒక్కరోజే నలభై ఒక్కసార్లు.
అపోండి లెక్కపెట్టింది.
స్నానం వద్దు. టోపీ వద్దు.
నెత్తిన చెయ్యి పెట్టబోయిన పాస్టరుకీ వద్దు.
పలకనే తీసేద్దామా అని నేను విసుక్కుంటే
దానిక్కూడా వద్దు.
సాయంత్రానికి అరచెయ్యి నల్లబడి
గడి సగం చెరిగిపోతే
అక్క మళ్లీ గీసింది, ఈసారి కాస్త పెద్దగా.

పాపం, దేవుడిలాంటి బిడ్డ అనే రేవంతా
ఇప్పుడు వీడు పెంకివాడంటోంది.
వినడానికి బాగుంది.

రాత్రి, వాళ్లిద్దరూ పడుకున్నాక
మిగిలిన జావ నేనే తాగాను.
నిజమే.
చక్కెర ఎక్కువే.